ఎదురుబల్ల సంతకం

మా నిఘంటువు ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఒక్కో ఇంగ్లీషు మాటకి ఒక్కో కార్డు. రాసినవాళ్లు దాన్ని పైకి చదవాలి. ఎదురుబల్ల వాళ్లు విని, తప్పు లేదనుకుంటే "ఊఁ" అని సంతకం పెట్టాలి. రెండు సంతకాలు లేని కార్డు అచ్చుకి వెళ్లదు. పంతొమ్మిదేళ్లు నా ఎదురుబల్ల మా వదినది.

అన్నయ్య పోయిన మూడో నెలలో వదిన ఉద్యోగం మానేసి, ముగ్గురం కలిసి ఉన్న ఇల్లు వదిలి, వాళ్లక్క ఉండే ఊరికి వెళ్లిపోయింది. బట్టలు సర్దుకుంటూ ఒకటికి పదిసార్లు నా ముఖం కేసి చూసింది. నేను వెళ్లి పెట్టెకి తాడు కట్టిచ్చాను. "ఉండిపో వదినా" అనడానికి నోరు పెగల్లేదు. వేల మాటలకి అర్థాలు చెప్పిన నోరు, దానికేం రోగమొచ్చిందో!

ఆమె సంతకం పడాల్సిన కార్డు ఒక్కటి మిగిలిపోయింది. షెల్టర్. ఇంకెవరిచేతైనా పెట్టించమన్నాడు మేనేజరు. ససేమిరా అన్నాను. ప్రతి ఆదివారం వదినకి ఫోన్ చేసి ఆ కార్డు చదవడం మొదలుపెట్టాను.

నిజం చెప్పేస్తాను. చదివిన ప్రతిసారీ అందులో ఒక తప్పు కావాలనే పెట్టేదాన్ని. ఒక వారం డాలు అనాల్సిన చోట కత్తి అన్నాను. ఇంకో వారం ఆ మాట పుట్టి నాలుగు వందల ఏళ్లు దాటిందనాల్సింది, తొమ్మిది వందలు చేశాను. వదిన ఇట్టే పట్టేసేది.

"బుజ్జీ, బుర్ర ఎక్కడ పెట్టావే? సరిచేసి వచ్చే ఆదివారం చదువు."

యాభై నాలుగేళ్ల నన్ను ఇంకా బుజ్జీ అనేది ఆమె ఒక్కతే. ఆ తర్వాత తన మోకాళ్ల నొప్పీ, వాళ్లక్క గురకా, ఆ కబురూ ఈ కబురూ చెప్పేది. ఫోన్ పెట్టేశాక మూడు గదుల ఇల్లు నన్ను మింగడానికి వచ్చేది.

అలా ఎనిమిది నెలలు నెట్టుకొచ్చాను. ఈ శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"అచ్చు పని మొత్తం దీనికోసమే ఆగిందండీ. వదినగారు ఫోన్లో ఊఁ అంటే చాలు, ఆవిడ తరఫున నేను సంతకం పెడతాను. ఇప్పుడే కానివ్వండి."

మేనేజరు ఎదురుగా నిలబడి వింటుంటే కావాలని తప్పు చదవడం కుదరదు. తప్పు లేకుండా చదివితే వదిన ఊఁ అంటుంది. ఊఁ అందంటే, వచ్చే ఆదివారం ఏ వంకతో ఫోన్ చెయ్యను?

నంబరు నొక్కి, చదివాను.

"షెల్టర్. ఎండా, వానా, దెబ్బా తగలకుండా కాచే చోటు. పుట్టి నాలుగు వందల ఏళ్లు దాటింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఖాయంగా తెలియదు. డాలు, దండు అనే రెండు పాత మాటలు కలిసిన మాట నుంచి వచ్చిందని కొందరి ఊహ. సైనికులు పక్కపక్కన నిలబడి, ఒకరి డాలుకి ఇంకొకరి డాలు ఆనించి కట్టిన అడ్డు అది."

అక్కడితో ఆగాలి. ఆగలేకపోయాను.

"పక్కనున్న మనిషి వెళ్లిపోతే, అక్కడ ఖాళీ వదినా."



"ఆ చివరి వాక్యం కార్డులో ఉందా?" అంది వదిన.

"లేదు."

"మరైతే కార్డు తప్పు. అది ఫోన్లో సరిచేసేది కాదు." ముక్కు చీదుకుంది. "నా బల్ల ఎవరికైనా ఇచ్చేశారా?"

"ఎవరికీ ఇవ్వనివ్వలేదు. నా క్యారేజీ పెట్టుకుంటున్నా."

"తీసెయ్."

ఫోన్ పెట్టేసింది. మేనేజరు కార్డు కోసం చెయ్యి చాపాడు. "ఊఁ అన్నారా?"

"అనలేదండీ. ఇందులో తప్పుందట" అని కార్డు సొరుగులో పెట్టి, లేచి వెళ్లి ఎదురుబల్ల మీద ఉన్న క్యారేజీ తీశాను.