మూడు కంచాలు, ఒకటే ముక్క

ఆ ఇంట్లో బంగాళాదుంప వేపుడంటే మూడు రకాలుగా కోయాలి. పందొమ్మిదేళ్ళ కిందట పద్మజ కాపురానికొచ్చిన వారానికే అత్తగారు రామాయమ్మ వంటింట్లో నిలబెట్టి చెప్పిన మొదటి పాఠం అది. "మీ మామయ్యకి శనగ్గింజంత ముక్కలు. ఆనందుకి పుల్లల్లాగా సన్నంగా. తేడా వచ్చిందంటే మీ మామయ్య కంచం తోసేసి లేస్తాడు, ముందే చెప్తన్నా" అందావిడ. తర్వాత యశస్విని పుట్టి, పెరిగి, టీవీలో చూసి వేలెడంత లావు ముక్కలు అడగడం మొదలుపెట్టాక మూడో రకం చేరింది. మూడు రకాలూ ఒకేసారి మూకుట్లో వేస్తే గింజలు మాడతాయి, లావువి పచ్చిగా ఉంటాయి. అందుకని మూడు వాయిలు. వారంలో కనీసం నాలుగు పొద్దులు, కోర్టుకి బయల్దేరే ముందు, మూడు వాయిలు. మామగారు బ్రహ్మయ్యకి డెబ్బై ఆరేళ్ళు. ఒక్క పన్ను కదల్లేదు, మొక్కజొన్న కంకి పెడితే గీకినట్టు తినేసి బెండు పక్కన పెడతారు. అయినా ఆయనకి గింజంత ముక్కలే ఎందుకో పద్మజ ఎప్పుడూ అడగలేదు. ఆమె కోస్తూ పోయింది.

ఇప్పుడు బొటనవేలు మొరాయించింది. ఎండలు ముదిరే రోజుల్లో మొదలైన నొప్పి, పాలగిన్నె మూత తియ్యబోతే మణికట్టు దాకా పాకేది. నరసరావుపేటలోనే డాక్టరమ్మకి చూపించింది. ఆవిడ వేలు వంచి, తిప్పి చూసి, వేలి మొదలు దగ్గర వాపుందని చెప్పింది. "ఏం పని చేస్తారు?"

"కోర్టులో టైపిస్టునండి. షార్ట్‌హ్యాండ్ పరీక్షుంది, మూడు వారాల్లో. ఇంట్లో మామూలేగా, వంట."

"ఈ వేలికి రెండు పనులు చెప్పకండమ్మా. పెన్నో, కత్తో, ఏదో ఒకటి. రెండూ అంటే సూది వెయ్యాల్సొస్తది."

ఆ పరీక్ష నెగ్గితే స్టెనో పోస్టు. పద్మజ రెండుసార్లు దానికి పేరిచ్చింది. ఒకసారి కడుపుతో ఉంది. రెండోసారి రామాయమ్మ పక్షవాతం వచ్చి మంచాన పడింది, మళ్ళీ లేవలేదు. ఈసారి తప్పితే ఆ కుర్చీ తనకంటే పదేళ్ళు చిన్నవాళ్ళకి పోతుంది, ఇక అడగడానికి కూడా ఉండదు. ఈ సంగతి భర్తకి చెప్పినప్పుడు ఆనంద్ పేపరు మడిచి, "టైపు కొట్టినా, గీతలు గీసినా ఒకరు చెప్పింది రాయటమేగా. దానికింత హైరానా ఏంది?" అన్నాడు. వేలి సంగతి చెప్పినప్పుడు మాత్రం కాస్త ఆలోచించాడు. "మా అమ్మ అరవై దాటినా కత్తిపీట మీదే కోసింది. ఏ డాక్టరు దగ్గరికి పోయింది?" ఆనంద్ చెడ్డవాడు కాదు. నొప్పి నూనె తెచ్చి అలమరలో పెట్టాడు కూడా. పెట్టిన చోటునించి అది తనంతట తాను వచ్చి వేలికి రాసుకోదుగదా, అంతే తేడా.

కత్తిపీట వైపు చూస్తే ఆమెకి వాళ్ళమ్మ కోటేశ్వరమ్మ గుర్తొస్తుంది. క్రోసూరు దగ్గర పల్లెలో ఎవరింట పెళ్ళయినా, ముందురోజు మధ్యాహ్నం ఆడవాళ్ళంతా ఎవరి కత్తిపీట వాళ్ళు చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళు. పందిట్లో చాపలు పరుచుకుని గుండ్రంగా కూర్చుని, పీట మీద కాలు అదిమి, బుట్టలకి బుట్టలు తరిగేవాళ్ళు. వంకాయలు ఉప్పునీళ్ళలోకి, దుంపలు మంచినీళ్ళలోకి. నోళ్ళు ఒకచోట ఉండేవి, చేతులు ఒకచోట. ఎవరి కోడలు ఏమంది, ఎవరి మొగుడు ఏ పార్టీలోకి దూకాడు, అన్నీ ఆ గుండ్రంలోనే తేలేవి. ఆ గుండ్రంలో ఒక ముచ్చట ఉండేది. ఎవరో ఒకావిడ నీళ్ళలోంచి ఒక ముక్క తీసి పైకెత్తి, ఇది ఎవరి ముక్కో చెప్పమనేది. వాళ్ళు చెప్పేవాళ్ళు కూడా. అంచు ఏటవాలుగా ఉంటే మేనత్తది, మందంగా ఉంటే పెదరావూరు పిన్నిది. పద్నాలుగేళ్ళ పద్మజ మొదటిసారి పెద్దవాళ్ళతో కూర్చున్న రోజు, రాహేలు అనే ఆవిడ ఒక ముక్క తీసి చూసి, "ఇది మన కోటేశ్వరమ్మ కూతురి ముక్క. తూకం వేసి కోసినట్టుంది" అంది. ఆ మాటకి పద్మజ వారంరోజులు నేలమీద నడవలేదు. ఇప్పుడు తలుచుకున్నా ఆ మధ్యాహ్నపు వెలుగు, తడి దుంపల వాసన, అమ్మ ఓరగా చూసి నవ్విన నవ్వు కళ్ళముందుకొస్తాయి. ఆ రోజులు మళ్ళీ రావని ఆమెకి నిజంగా దుఃఖం. అలాంటి మాటే పెళ్ళిచూపుల్లోనూ ఎవరో అన్నారు, పిల్ల చేతి ముక్క చానా పొందిగ్గా ఉంటుందని. దాని ఫలితమే ఈ మూడు వాయిలు.

అదే చేతిని ఇంకొకాయన కూడా మెచ్చుకున్నాడు. డిగ్రీ అయ్యాక నరసరావుపేటలో మేడమీద టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. మిషన్ల చప్పుడులో కిటికీ పక్కన కూర్చోబెట్టి లక్ష్మీనారాయణ మాస్టారు షార్ట్‌హ్యాండ్ చెప్పేవారు. ఆ లిపిలో సన్నగీతకొక శబ్దం, అదే గీత లావైతే ఇంకో శబ్దం. పెన్సిలు మీద బొటనవేలు ఎంత వత్తాలో తెలియాలి. ఒకరోజు ఆమె నోటుబుక్కు అందరికీ చూపించి, "సన్నమేదో లావేదో తెలిసిన చెయ్యమ్మా ఇది, వదులుకోమాక" అన్నారాయన. పెళ్ళయ్యాక ఆ నోటుబుక్కు బీరువా అడుగుకి పోయింది, కత్తిపీట గట్టు మీదికొచ్చింది.

ఫింగర్ చిప్స్ కట్టర్ మాట చెప్పింది ఆసియా. కోర్టులో కాపీయింగ్ సెక్షనులో చేస్తుంది, పదకొండేళ్ళుగా మధ్యాహ్నం ఇద్దరిదీ ఒకే బల్ల. "మీట నొక్కితే ముక్కలు కింద పడతయ్యక్కా. వేలుతో పనిలేదు, అరచేత్తో వత్తటమే" అని ఫోనులో వీడియో చూపించింది. ఆ సాయంత్రమే పద్మజ బస్టాండు దగ్గర మౌలాలీ స్టీలు సామాన్ల కొట్టుకి పోయింది.

మౌలాలీ మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది ప్లాస్టిక్‌ది, పైనించి నొక్కేది. పద్మజ నొక్కి చూస్తే మీట వంగింది గానీ లోపలి పలక కదల్లేదు. ఇంకోటి హోటళ్ళకి వాడే ఇనపది, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. మూడోది స్టీలుది, పక్కన పొడుగాటి మీట, కింద గట్టుని పట్టుకునే రబ్బరు కాళ్ళు, సన్న ముక్కకొకటి లావు ముక్కకొకటి రెండు బ్లేడు చట్రాలు. బాగుందనుకుని సంచిలో పెట్టించబోతుంటే అతను ఆపాడు.

"మీ వంటింటి గట్టు గ్రానైటా, నాపరాయా?"

"నాపరాయే. మాచర్ల నుంచి తెప్పించి పరిపించారు మామయ్యగారు."

"అయితే ఈ రబ్బరు పట్టదమ్మా. రాయి గరుకు గదా, గాలి పోతది. నొక్కినప్పుడల్లా లేచొస్తది, మళ్ళా నా దగ్గరికే తెస్తారు." వెతికి, అదే రకంలో అడుగున బోల్టులకి చిల్లులున్నది తీశాడు. "దీన్ని చెక్కకి బిగించుకోండి. దుంప పొడుగైతే సగానికి కొయ్యండి, అడుగు చదును చేసి నిలబెట్టండి. నొక్కటం మొదలుపెట్టాక మాత్రం మధ్యలో ఆపమాకండి. ఆపితే ఇరుక్కుంటది. వాడిన వెంటనే కడగండి, పిండి ఎండితే బ్లేడ్లకి అంటుకుపోతది."

చెక్క ఎక్కడిదని ఆలోచించలేదామె. పుట్టింటి నించి తెచ్చుకున్న, అమ్మ కూర్చునే పీట ఉంది, నున్నగా అరిగిపోయినది. పక్కవీధి వడ్రంగి నదీం దానికి నాలుగు బోల్టులు బిగించి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున ఇంట్లోవాళ్ళు లేవకముందే పద్మజ వంటింట్లో నేల మీద కూర్చుని, పీట అంచున కాలు అదిమి, చెక్కు తీసిన దుంపని నిలబెట్టి, అరచెయ్యి మడమతో మీట మీద బరువంతా వేసింది. ఒక్క వత్తు. దుంప అటువైపు పుల్లల కట్టలా బయటికొచ్చి గిన్నె నీళ్ళలో జారింది. బొటనవేలు ఊరికే పక్కన ఉంది. కాలి కింద అమ్మ పీట, అమ్మ కత్తిపీట ముందు కూర్చున్నట్టే కూర్చుని ఉంది తను. ఆరు దుంపలు పది నిమిషాలు కూడా పట్టలేదు. అన్నీ ఒకే ముక్కలు, ఆమె కోసే పుల్లలకంటే లావు, వేలెడంత ముక్కకంటే సన్నం. తడి ఆర్చి, ఒకటే వాయి వేయించింది. అప్పుడు భయం పట్టుకుంది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి మూడు కంచాల్లోనూ ఒకటే ముక్క. కట్టర్‌ని గట్టు కిందికి తోసి, మామగారి కంచం పెట్టింది. కంచం తోస్తే ఏం చెప్పాలో రెండు మూడు రకాలుగా అనుకుని పెట్టుకుంది.

బ్రహ్మయ్య వార్తలు చూస్తూ తిన్నారు. ఆనంద్ ఫోనులో ఎవరితోనో పత్తి ధర మాట్లాడుతూ తిన్నాడు. యశస్విని పుస్తకం చూస్తూ తింది. మూడు కంచాలూ ఖాళీ అయ్యాయి.

ఉండబట్టలేక పద్మజే అడిగింది. "వేపుడు ఎట్టా ఉంది మామయ్యా?"

"ఏమయిందమ్మాయ్? ఎప్పట్లాగే ఉందిగా."

"ఏవండీ, మీకు?"

"ఆ, బానే ఉంది. ఎప్పట్లాగే."

ముందు బతుకుజీవుడా అనిపించింది. ఆటోలో కోర్టుకి పోతుంటే సగం దారిలో ఆ ఊరట కాస్తా కోపమైంది, కోర్టు గేటు దగ్గరికొచ్చేసరికి ఏడుపైంది. తేడా తెలియనివాళ్ళ కోసం ఇన్నాళ్ళూ గింజలు, పుల్లలు, వేళ్ళు. వాళ్ళని తిట్టుకోవాలో తనని తిట్టుకోవాలో ఆమెకి తోచలేదు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పితే ఆసియా మామూలుగా చెయ్యి చాపి ఒక ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకోబోయి ఆగి, వెలుతురుకి పైకెత్తి చూసింది. "ఇది నీ ముక్క కాదే అక్కా."

పద్మజ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, ఏడుస్తూ నవ్వింది. ఆసియా కంగారుపడి, "బానే ఉందక్కా, కరకరలాడతంది. నీది కాదన్నానంతే" అంది. తన చేతి ముక్కని గుర్తుపట్టే మనిషి ఇంకా ఒకరున్నారని, ఆ మనిషి తన ఇంట్లో లేదని పద్మజకి అప్పుడు తెలిసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆనంద్ కట్టర్‌ని హాల్లోకి తెచ్చి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. "ఏందే ఇది? ఎన్ని మిషన్లు కొన్నా చేత్తో కోసిన ముక్క రుచి రాదు. మా అమ్మ కోస్తే ఆ లెక్కే వేరు. దీంతో కోసింది నాకు పెట్టమాక."

"పొద్దున పెట్టింది దీంతో కోసిందే" అంది పద్మజ చెప్పులు విప్పుతూ. "మీకూ, మామయ్యగారికీ, అమ్మాయికీ అంతా ఒకటే ముక్క."

ఆనంద్ కట్టర్‌ని కింద పెట్టాడు. "మరి చెప్పలేదేంది?"

"మీరు చెప్తారేమోనని చూశా."

పడక్కుర్చీలోంచి బ్రహ్మయ్య తలెత్తారు. "ఒకటే ముక్కేందమ్మాయ్? ఇంతకుముందు ఎన్నుండేయి?"

"మూడు, మామయ్యా. మీకు శనగ్గింజంత కొయ్యకపోతే కంచం తోసేస్తారని అత్తయ్య చెప్పింది."

ఆయన గోడమీద రామాయమ్మ ఫొటో వైపు చూశారు. "గింజంత ముక్కలు మా నాయనకమ్మా. ఆయనకి పళ్ళుండేయి కాదు. కంచం తోసేది కూడా ఆయనే. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది." మళ్ళీ ఆయనే, "ఆయన కొడుకుని గదా, నేనూ తోస్తాననుకున్నట్టుంది. ఆమె నన్నెప్పుడూ అడగలేదు. నేనూ ఏం కోస్తందో చూడలేదు" అన్నారు.

పద్మజ కూడా ఫొటో వైపు చూసింది. ఎప్పుడో పోయిన ఒక బోసినోటి ముసలాయన కోసం ఆవిడ తన మొగుడు పక్కనే ఉండగా ఏళ్ళ తరబడి గింజలు కోసింది, కోడలు రాగానే ఆమెకి అప్పజెప్పింది. ఆవిడ మీద ఇన్నాళ్ళ కోపం ఎటుపోయిందో తెలియదు, జాలి ఒక్కటే మిగిలింది. ఆ జాలిలోనే తనేం చెయ్యాలో కూడా తేలిపోయింది.

బీరువా అడుగునించి నోటుబుక్కు తీసింది, పెన్సిలు చెక్కింది. "ఏవండీ, పరీక్ష అయ్యేదాకా దుంపలు కొయ్యటం మీ వంతు. ఈ పూట నించే. వెయ్యటం నేను చూసుకుంటా."

"నాకేం వస్తదే?"

"మీట నొక్కటమేగా. మధ్యలో ఆపకూడదు, అంతే."

ఆనంద్ తండ్రి వైపు చూశాడు. ఆయన పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. "ఇదేమన్నా బ్రహ్మవిద్యా" అని గొణుక్కుంటూ కట్టర్‌ని చంకన పెట్టుకుని వంటింట్లోకి పోయాడు.

పద్మజ ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని కూతుర్ని పిలిచింది. "యశూ, ఈ పాఠం చదువమ్మా, గడియారం చూసుకుంటా. నేను రాస్తా." యశస్విని చదవడం మొదలుపెట్టింది. సన్నగీత, లావుగీత, మళ్ళీ సన్నగీత. వేలు కాస్త సలిపినా మాట విన్నది. రెండు పేరాలు గడిచాయో లేదో వంటింట్లోంచి మీట కిర్రుమన్న చప్పుడు, ఆ వెనకే ఆనంద్ గొంతు వినిపించాయి.

"పద్మజా, ఇరుక్కుపోయిందే ఇది. ఒకసారి రా."

యశస్విని చదవడం ఆపి తల్లి మొహంలోకి చూసింది.

"ఆపమాక," అంది పద్మజ కాగితం మీంచి చూపు తిప్పకుండా, "చదువు."