ఎంగిలి ఈల

బట్టీ మేస్త్రి ఈలాయన చేసిన నిర్వాకాన్ని చచ్చేదాకా మరిచిపోడు. ఈలాయన అంటే ఫ్యాక్టరీ యజమాని బావమరిది. పెద్దాయన గుండెజబ్బుతో మంచం పట్టగానే మేనేజరు కుర్చీలో ఊడిపడ్డాడు. కమోడ్లు చేసే ఫ్యాక్టరీ అది. పచ్చి సరుకేదో కాలిన సరుకేదో తెలియని మనిషి, మెడలో తాడుకట్టిన ఈల ఒకటి వేలాడేసుకుని వచ్చాడు. ఒక్కసారి ఊదితే అచ్చులవాడు పరిగెత్తాలి, రెండుసార్లు ఊదితే పూత పూసే అక్క, మూడుసార్లు ఊదితే బట్టీ మేస్త్రి. కుక్కనైనా పేరుపెట్టి పిలుస్తారు కదా!

అచ్చులవాడు మొదటి నెలలోనే పోయాడు. పద్నాలుగేళ్లలో అతని చేతిమీదుగా ఒక్క అచ్చూ వంకర పోలేదు. "మేస్త్రీ, మా అమ్మ నాకు పేరు ఊరికే పెట్టలేదు" అంటూ టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని గేటు దాటాడు. ఆ మాట విని ఈలాయన పకపకా నవ్వాడు. "పోనీ. గేటు బయట వందమంది ఉన్నారు."

ఆ రోజే పోవలసినవాడు మేస్త్రి కూడా. పోలేకపోయాడు. ఇరవై ఏళ్లు పనిచేసిన ప్రతివాడికీ ఫ్యాక్టరీ వెనక నూట ఇరవై గజాల జాగా రాసిస్తానని పెద్దాయన మాట. ఇప్పటికి ముగ్గురికి రాసిచ్చాడు కూడా. మేస్త్రికి ఇంకా నాలుగు నెలల పన్నెండు రోజులే తక్కువ. వంటగది ఎటు, కిటికీ ఎటు అని ఇంట్లో భార్య అప్పుడే గోడ మీద బొగ్గుతో గీసేసింది. అందుకని మూడు ఈలలు వినపడ్డప్పుడల్లా మేస్త్రి పళ్లు బిగించి కదిలేవాడు.

బట్టీ చల్లారడానికి రెండు రోజులు పడుతుంది. మీటరు పైకప్పు దగ్గరి వేడి చెబుతుందే తప్ప, నడుమ పేర్చిన సరుకు సంగతి దానికి తెలియదు. అందుకే మేస్త్రి పొడుగాటి చువ్వకు పాత పేపరు ముక్క గుచ్చి, తలుపు కన్నంలోంచి లోపలికి తోసి, అరవై లెక్కపెట్టి బయటికి లాగుతాడు. కాగితం తెల్లగా వస్తే తలుపు తీయొచ్చు. రంగు మారితే ఆగాలి. పంతొమ్మిదేళ్లలో ఆ కాగితం ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం సరుకు కోసం లారీ వచ్చి గేటు ముందు ఆగింది. మూడు ఈలలు మోగాయి.

"తలుపు తియ్" అన్నాడు ఈలాయన.

"రేపు పొద్దున దాకా ఆగాలి సార్. చూడండి, కాగితం మాడింది."

"మీటరు ఎనభై చూపిస్తోంది, కళ్లు లేవా? కాగితాలు కాల్చుకునే పిల్లాటలు ఇంట్లో ఆడుకో."

"ఇప్పుడు తీస్తే సరుకంతా పగిలిపోతుంది. నేను తియ్యను."

"నువ్వు కాకపోతే నా దగ్గర చేతులు లేవా?"

ఈల మీద ఈల ఊదాడు. ఇద్దరు కూలీలు పరిగెత్తుకొచ్చి తలుపు లాగారు. చల్లగాలి లోపలికి దూరింది. మొదట ఎక్కడో ఒక్క టింగ్. ఆ తరువాత టింగ్, టింగ్, టింగ్‌మని బట్టీ అంతా పళ్లు కొరికినట్టు మోగింది. ఎనభై నాలుగు కమోడ్లలో డెబ్బై ఒకటి నెర్రెలిచ్చాయి. కూలీలు తలలు దించుకున్నారు. పూత అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడు రోజులు నడుం విరగ్గొట్టుకుని పూసిన పూత అది.

ఈలాయన మాత్రం తొణకలేదు. సాయంత్రానికల్లా ఒక కాగితం టైపు చేయించాడు. మేస్త్రి చదువు నాలుగో తరగతితో ఆగింది కాబట్టి అక్కే చదివి వినిపించింది. 'నా నిర్లక్ష్యం వల్ల బట్టీ ముందుగా తెరిచాను, క్షమించగలరు.' కింద సంతకానికి గీత. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, జాగా ఉంటుంది. లేకపోతే రెండూ లేవు.

మేస్త్రి పెద్దాయనకు ఫోన్ చేశాడు. ఆయన భార్య ఎత్తింది. "మా తమ్ముడు అంతా చెప్పాడు. ఆయన్ని కదిలించొద్దన్నారు డాక్టరు" అని పెట్టేసింది.

"ఏమయ్యా, పెట్టెయ్" అంది భార్య ఆ రాత్రి. "పగిలింది కమోడ్లు, నీ తల కాదు. నాలుగు నెలలు. కళ్లు మూసుకుంటే అయిపోతుంది."

"అబద్ధం కదే."

"మన ఇల్లు నిజం కదా."

పొద్దున్నే మేస్త్రి సంతకం పెట్టడానికే వెళ్లాడు. ఈలాయన తన గదిలో టీ తాగుతున్నాడు. మేస్త్రి పెన్ను అందుకుని గీత మీద ఆనించాడు.

"ఆగు, సాక్షి కావాలి" అంటూ ఈలాయన రెండుసార్లు ఊదాడు. అద్దం అవతలే బకెట్టు కలుపుతున్న పూత అక్క విని కూడా తలెత్తలేదు. మళ్లీ ఊదాడు. ఆమె కర్ర తిప్పుతూనే ఉంది.

"దీనికి పొగరెక్కింది" అంటూ మెడలోంచి ఈల తీసి మేస్త్రి ముందుకు చాపాడు. "నువ్వు ఊదు. నీకైతే పలుకుతుందేమో. ఎలాగూ ఇవాళ్టి నుంచి నువ్వు నా మనిషివేగా!"

ఈల నోటి దగ్గర తడిగా మెరుస్తోంది. టీ రంగు ఎంగిలి సన్నటి తీగలా సాగి బల్ల మీదికి జారింది. అబద్ధం రాయడానికి మేస్త్రి చెయ్యి ఒప్పుకుంది గానీ ఆ ఈలను పెట్టుకోవడానికి నోరు ఒప్పుకోలేదు.

"అక్కా!" అని కేకేశాడు. పేరుపెట్టి పిలిచినంత గట్టిగా. ఆమె వెంటనే తలుపు దగ్గరికి వచ్చింది.

"ఏంటి తమ్ముడూ?"

"ఏం లేదక్కా. వెళ్తున్నానని చెబుదామని."

పెన్నును సంతకం లేని కాగితం మీదే వదిలేశాడు. ఈల ఇంకా గాలిలోనే ఉంది. మేస్త్రి బట్టీ దగ్గరికి వెళ్లి, మంగళవారం మాడిన పేపరు ముక్క తీసి జేబులో పెట్టుకుని గేటు దాటాడు. వెనక నుంచి మూడు ఈలలు వినిపించాయి. మళ్లీ మూడు.

పదిహేను రోజులు తిరక్కుండా పూత అక్క కూడా మానేసింది. తలుపు లాగిన ఇద్దరు కూలీలూ ఆమె వెనకే పోయారు. గేటు బయట వందమంది ఉన్నారన్నాడుగా ఈలాయన, ఊదుకోమను.

ఆ రోజు మాత్రం మేస్త్రి ఇంటికి రాగానే కుళాయి దగ్గర నిలబడి, ముట్టుకోని ఈల కోసం చేతులు మూడుసార్లు సబ్బుతో తోముకున్నాడు. భార్య అతని మొహం చూసింది. తడిగుడ్డ తెచ్చి గోడ మీద బొగ్గు గీతలు తుడిచేసింది, ముందు కిటికీ, తరువాత వంటగది. సంతకం పెట్టనందుకు వాళ్లకు పోయింది సరిగ్గా నూట ఇరవై గజాలు.