కునుకమ్మ నిద్ర, టేపక్క కుర్చీ

సెలవులు దగ్గరపడుతున్నాయంటే టేపక్క ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగినా చూసే దిక్కుండదు. తెల్లారి ఆరింటికి లేచి, మొహం కడగకముందే నడుముకి కొలత టేపు తగిలించుకుని, ఒక చెవిలో వడ్రంగి మేస్త్రితో, రెండో చెవిలో కర్టెన్ల కొట్టుతో మాట్లాడుతూ చెప్పులు వేసుకునేది. సెలవులకి ఊళ్ళో అందరిళ్ళకీ చుట్టాలొస్తారు. ఏడాదంతా చిరిగిన సోఫా మీద హాయిగా కూర్చున్న మనిషికి, వియ్యపురాలు వస్తోందనగానే ఆ చిరుగు కనిపిస్తుంది. అప్పుడు అందరూ ఒక్కసారిగా ఇంటీరియర్ డిజైనర్ల మీద పడతారు. "సెలవుల్లోపు అయిపోవాలండీ" అంటారు, అదేదో కూర తరగడమైనట్టు.

ఇళ్ళు సర్దిపెట్టే అలాంటి ఒక ఆఫీసులో టేపక్కది పదకొండేళ్ళ సర్వీసు. ఆవిడ కొలిచిన గోడ మళ్ళీ ఎవరూ కొలవక్కర్లేదని పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి బీరువా ఎక్కడ పెట్టాలో తేలేదాకా నాలుగు మూలలకీ నాలుగుసార్లు తోయించేది, మనుషులు చాలకపోతే తనే భుజం పెట్టేది.

కునుకమ్మ ఆవిడ తోటికోడలు. ఖాళీగా ఉందని మూడేళ్ళ కిందట టేపక్కే తీసుకొచ్చి ఆఫీసులో చేర్పించింది. "కొరివితో తల గోక్కున్నాను" అని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

కునుకమ్మ పనిచేసే పద్ధతి వేరు. సామానంతా గది మధ్యలో కుప్ప పోయించేది. మధ్యాహ్నం రెండింటికి ఆ పక్కనే చాప పరుచుకుని గంటసేపు నిద్రపోయేది. ఆ గంటలో సామాను లేచి వెళ్ళి ఎవరి చోట వాళ్ళు కూర్చున్నట్టు సర్దుకునేది. సోఫా గోడకి జరిగేది, దీపం సోఫా పక్కకి చేరేది. పనివాళ్ళు బయట మెట్ల మీద టీ తాగుతూ ఉండేవాళ్ళు, లోపల ఈడ్పుల చప్పుడు ఆగాక తలుపు తీసేవాళ్ళు. ఇంటివాళ్ళు అడిగేది ఒక్కటే: "ఫ్యాను వెయ్యమంటారా అమ్మా?" ఏదైనా వస్తువు ఆ ఇంటికి తగనిదైతే గుమ్మం దాటి వీధిలో నడుచుకుంటూ తనకి తగిన చోటికి పోయేది. ఒక నిలువుటద్దం అలాగే వెళ్ళి టైలరు కొట్లో నిలబడింది. టైలరు దాన్ని తుడిచి వాడుకుంటున్నాడు.

"చిన్నదాని హస్తవాసి మంచిది" అనేది అత్తగారు.

"చేతులు ముడుచుకుని పడుకునేదానికి హస్తవాసేమిటి అత్తయ్యా!" అనేది టేపక్క, నవ్వుతూనే. తనకి మోకాలి చిప్పలు అరిగిపోయాయి, అది బుగ్గల మీద చాప అచ్చుతో లేచి ఆవులిస్తుంది. ఇద్దరి ఇళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తే కునుకమ్మ సర్దిన ఇంట్లోనే కాసేపు కూర్చోవాలనిపించేది. టేపక్కకి కూడా. అదే ఆవిడకి అన్నిటికంటే ఎక్కువ మంట.

ఈ ఏడాది సీజను మొదట్లో పెద్ద మేడం ఇద్దరినీ పిలిచింది. ఆఫీసు పెట్టిందీ నడిపిందీ ఆవిడే. "నాకు ఓపిక అయిపోయింది. సెలవుల్లోపు ఎవరు ఎక్కువ ఇళ్ళు అప్పజెబితే వాళ్ళు నా గదిలో కూర్చోండి. నేను బయట బల్ల దగ్గర కూర్చుని మీకు సలహాలు చెబుతాను" అంది.

ఆ గదికి కిటికీ ఉంది, తలుపుంది. టేపక్క పదకొండేళ్ళుగా ఆ తలుపు బయట నిలబడే మాట్లాడుతోంది. ఆ గది దొరక్కపోతే ఇంకెందుకీ బతుకు అనుకుంది.

రెండు వారాలు గడిచేసరికి లెక్క చూసుకుంటే కునుకమ్మే ఒక ఇల్లు ముందుంది. ఆ మర్నాడు సరిగ్గా రెండుంబావుకి టేపక్క ఆవిడకి ఫోను చేసింది.

"ఏమే, నీ దగ్గర ఆ కర్టెన్ల నమూనా ఉందా? బూడిద రంగుది?"

"ఉంది అక్కా" అంది కునుకమ్మ నిద్రమత్తులో. "సాయంత్రం తెస్తాలే."

సోఫా అప్పుడే సగం దూరం జరిగి, గోడ చేరకుండానే ఆగిపోయింది.

తర్వాతి రోజు మేకుల సైజు అడిగింది. ఆ తర్వాత రోజు కారణమేమీ దొరక్క "ఏం చేస్తున్నావ్?" అంది. తొమ్మిది రోజులు అలా చేసింది. తోటికోడళ్ళు ఫోన్లు చేసుకోవడంలో తప్పేముంది అని తనకి తనే చెప్పుకుంది. ఆ ఫోను పెట్టేశాక ప్రాణం ఎంత చల్లబడేదో! చల్లగా ఒక అరగంట ఉండేది, అంతే.

ఆ తొమ్మిది రోజుల్లో కునుకమ్మకి రాత్రి నిద్ర కూడా చెడింది. బల్లలు తనే తోసుకుంది, భుజం పట్టేసింది. టేపక్క మాత్రం ఏం బావుకుంది? పోటీలో పడి రోజుకి నాలుగు గంటలు కూడా పడుకోలేదు. చివరికి ఒక ఇంటికి మూడు గదులూ అంగుళం తేడా లేకుండా కొలిచి, మెట్ల మలుపు కొలవడం మర్చిపోయింది. ముగ్గురు కూర్చునే సోఫా మలుపులో ఇరుక్కుంది. రెండు రోజులు ఆ ఇంటి తాతగారు సోఫా ఎక్కి దిగి పై అంతస్తుకి వెళ్ళారు. మూడోరోజు సోఫా కాళ్ళు కోసి బయటికి లాగారు. పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి. అప్పట్నుంచీ మేస్త్రి టేపక్క వెనకే తను కూడా టేపు పెట్టి కొలవడం మొదలుపెట్టాడు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

ఆఖరి రోజు వచ్చింది. టేపక్కవి ఎనిమిది ఇళ్ళు పూర్తయ్యాయి. కునుకమ్మవి ఏడు పూర్తయి, ఎనిమిదోది పళ్ళ డాక్టరుగారి ఇల్లు మిగిలింది. డాక్టరుగారి చుట్టాలు సాయంత్రం ఆరింటికి దిగుతారు. అది కాకపోతే గది టేపక్కదే.

మధ్యాహ్నం మేస్త్రి ఫోను చేశాడు. "అమ్మా, చిన్నమ్మగారికి నిద్ర పట్టట్లేదు. చాప మీద కూర్చుని ఏడుస్తున్నారు."

టేపక్క వెంటనే బయల్దేరింది. జాలితో కాదు, ఏడుపు కళ్ళారా చూద్దామని.

హాల్లో సామాను కుప్పగా పడి ఉంది. కునుకమ్మ కళ్ళ కింద నల్లటి చారలు. పొద్దున అద్దంలో టేపక్క తన మొహం మీద చూసుకున్న చారలే.

"వచ్చావా అక్కా" అంది కునుకమ్మ. "నువ్వైతే ఈపాటికి చేసేసేదానివి. నిన్ను చూస్తే నాకెప్పుడూ కుళ్ళే. నిద్ర లేకపోయినా నిలబడతావు. నాకు నిద్రొకటి పోతే ఇంకేం లేదు, ఒట్టి చేతకానిదాన్ని."

తనని చూసి కుళ్ళుకునే మనిషి కూడా ఒకరున్నారా? ఆ మాట కోసమే ఇన్నేళ్ళు ఎదురుచూసినట్టుంది. తీరా వింటే ముల్లులా గుచ్చుకుంది.

"నేను కావాలనే చేశానే, ఆ ఫోన్లు" అంది. "నువ్వు పడుకోకూడదని."

కునుకమ్మ కళ్ళు తుడుచుకుని చాప సరిచేసుకుంది.

"ఫోను కట్టేసి ఆ కుర్చీలో కూర్చో. ఎవర్నీ లోపలికి రానివ్వకు. నేను పడుకోవాలి."

టేపక్క ఫోను కట్టేసింది. మేస్త్రిని సుత్తి పట్టొద్దంది, డాక్టరుగారి కుక్కని పెరట్లో కట్టేయించింది. కుప్పలో ఉన్న ఎత్తు వీపు చెక్క కుర్చీ ఒకటి లాక్కుని కాపలా కూర్చుంది. పది నిమిషాలకి చాప మీంచి గుర్రు వినిపించింది. టేబుళ్ళు మెల్లగా కదిలాయి. సోఫా ఒళ్ళు విరుచుకుని కిటికీ వైపు నడిచింది. అది చూస్తూ చూస్తూ, కళ్ళు ఎప్పుడు మూతలు పడ్డాయో, టేపక్క కూడా నిద్రపోయింది.

కుర్చీ ఆవిడతో సహా లేచింది. గుమ్మం దాటేటప్పుడు ఆవిడ కాళ్ళు తగలకుండా పక్కకి తిరిగింది. రెండు వీధులు నడిచింది. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టి బస్సు ఆపాడు. డ్రైవరు హారన్ కొట్టబోతే, పడుకున్న మనిషి కనపడట్లేదా అని కసిరాడు. ఆఫీసు మెట్లు మూడంతస్తులూ కుర్చీ ఒక్కొక్కటే ఎక్కింది. పెద్ద మేడం గదిలోకి వెళ్ళి, ఆవిడ బల్ల వెనక, కిటికీకి వీపు పెట్టి కూర్చుంది.

పెద్ద మేడం అప్పటికే లేచి నిలబడింది. కళ్ళజోడూ టీ కప్పూ తీసుకుని బయట బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

టేపక్కకి మెలకువ వచ్చేసరికి ఎదురుగా కునుకమ్మ నిలబడి ఉంది. డాక్టరుగారి ఇల్లు అప్పజెప్పి వచ్చింది. ఎనిమిదికి ఎనిమిది. టేపక్క గదంతా చూసింది, బల్ల చూసింది, విషయం అర్థమై లేవబోయింది.

"ఇది నేను సంపాదించింది కాదే. నువ్వు కూర్చో."

"అక్కర్లేదు. నాకు నీ మీద కోపం ఉంది. నెల రోజులు నీతో మాట్లాడను" అంది కునుకమ్మ. "కానీ అది మెలకువలో. నిద్రలో ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడే పెడతాను. నాకది తప్పుగా పెట్టడం రాదు."

టేపక్కకి కళ్ళు చెమర్చాయి, ఒళ్ళు కూడా మండింది. పదకొండేళ్ళు నిలబడి తెచ్చుకోలేని గది ఇంకొకరి గంట నిద్రలో దొరికింది. అది చాలనట్టు ఈ పిల్లకి మనసు కూడా మంచిదే ఇచ్చాడు దేవుడు, అన్నీ ఒక్కదానికే!

బల్ల మీద వచ్చే సీజనుకి ఒప్పుకున్న ఇళ్ళ జాబితా ఉంది. ఇరవై రెండు. టేపక్క పెన్ను తీసి పది దగ్గర గీత గీసింది. గీత కింద ఉన్నవాళ్ళకి ఈసారి కుదరదని పెద్ద మేడం చేత ఫోన్లు చేయించాలి.

అది చెబుదామని తలెత్తేసరికి, మాట్లాడనన్న మనిషి గోడవారన కార్పెట్టు మీద పడుకుని అప్పుడే గుర్రు పెడుతోంది. రెండు నిమిషాలు కూడా కాలేదు.

"ఎలా పడుతుందే నీకింత తొందరగా!" అని పళ్ళు నూరింది టేపక్క. లేచి కర్టెను లాగింది, ఆ మొహం మీద ఎండ పడకుండా. మళ్ళీ వచ్చి కుర్చీలో వెనక్కి వాలి, పోటీకి తనూ కళ్ళు మూసుకుంది.