రెండో గొడుగు

ఒకటి తనది. సరే. ఆ రెండోది ఎవరిదై ఉంటుంది?

కాలువగట్టు మీద నడుస్తున్నంతసేపూ చంద్రరావుకి ఇదే ఆలోచన. కాలువకి నీళ్ళు కట్టేసి నెల దాటింది. అడుగున మట్టి నెర్రెలిచ్చింది, అక్కడక్కడా మిగిలిన గుంటల్లో కొంగలు నిలబడి ఉన్నాయి. నీళ్ళు లేని కాలువకి లస్కరుగా ఉండటమంటే నిద్రపోతున్న మనిషికి కాపలా కాయడం లాంటిది. షట్టరు దించే పనీ లేదు, ఎత్తే పనీ లేదు. మనసు ఎటు పోతే అటు పోనివ్వొచ్చు.

ఎన్నికల ఫలితాలొచ్చి రెండు వారాలైంది. ఢిల్లీలో ప్రభుత్వం మారింది. కొత్త ప్రధాని ఎవరవుతారోనని ఊరంతా నాలుగు రోజులు టీవీల ముందు కూర్చుని, ఆ తర్వాత మర్చిపోయింది. మర్చిపోనిది ఒక్కటే. ఈసారి ఓటు మిషన్లు కావడంతో ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో విడివిడిగా తెలిసిపోయింది. లెక్కింపుకి ఏజెంటుగా వెళ్ళిన అప్పాజీ ఆ కాగితం పట్టుకొచ్చి రత్నమాణిక్యం కాఫీ హోటల్లో పైకి చదివాడు. ఊళ్ళో పోలైన ఎనిమిది వందల చిల్లర ఓట్లలో గొడుగు గుర్తుకి రెండు.

"రెండంటండీ. ఆ మహానుభావులెవరో చెబితే దండలేసి ఊరేగిద్దాం," అన్నాడు అప్పాజీ.

మర్నాడు తాతాజీగారు పాపం ఎండకి గొడుగేసుకుని హోటల్‌కొచ్చారు.

"ఒకటి దొరికిందండోయ్," అన్నారెవరో.

ఆయన గబుక్కున గొడుగు మూసేశారు. "ఒట్టండి, నేను కాదు. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి."

"అయితే రెండోది ఆవిడదన్నమాట," అంది రత్నమాణిక్యం, గ్లాసులు కడుగుతూ.

అంతే. ఊళ్ళో గొడుగు కనపడితే ఒట్టు. రోహిణి కార్తె ఎండలు పెణం మీద కాల్చినట్టు కాలుస్తున్నా మగవాళ్ళు తువ్వాళ్ళూ, ఆడవాళ్ళు చీర కొంగులూ నెత్తిన కప్పుకుని తిరుగుతున్నారు. చంద్రరావూ అంతే. కాలువ లాకు పక్కనున్న గదిలో మేకుకి అతని గొడుగు వేలాడుతూనే ఉంది.

గొడుగు గుర్తు జానకిరామ్ మాస్టారిది. రిటైరై, ఏ పార్టీ లేకుండా ఎంపీకి నిలబడ్డారు. సైకిలు మీద లాకు దగ్గరికొచ్చి నలుగురే ఉంటే ఆ నలుగురికే చెప్పారు: "పైన చేపల చెరువులు నిండుతాయి, శివారు చేలల్లో నారు ఎండుతుంది. నీళ్ళు చాలక కాదండి. చివరన ఉన్నవాడు కనపడడు, అంతే. ఢిల్లీకి మనమందరం శివారే."

చంద్రరావు షట్టరు చక్రం మీద చెయ్యేసి విన్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ చెయ్యి పైవాళ్ళు దించమంటే దించింది, ఎత్తమంటే ఎత్తింది. శివారు రైతులు గట్టుమీద కూలబడి ఏడ్చిన రోజుల్లోనూ దించింది. పోలింగు రోజున అదే చెయ్యి గొడుగు బొమ్మ పక్కన బటను నొక్కింది. మిషను పొడుగ్గా కూత పెట్టింది. ఎవరూ చెప్పకుండా తన చెయ్యి చేసిన మొదటి పని అదేననిపించి, ఆ రోజంతా అరచెయ్యి చూసుకున్నాడు.

మాస్టారు గెలుస్తారనుకోలేదు. కానీ తనలాంటివాళ్ళు చాలామంది ఉంటారనుకున్నాడు. డిపాజిట్ పోయింది. అప్పాజీ ఆ అంకె చదివినప్పుడు అందరితోపాటు తనూ నవ్వాడు. ఓడిపోయినదానికంటే ఆ నవ్వే లోపల ముల్లులా ఉండిపోయింది.

"నువ్వు దేనికి నొక్కావే?" అని ఒకరోజు అన్నం తింటూ భార్యని అడిగాడు.

"మా అన్నయ్య చెప్పినదానికే," అంది ఉషారాణి. "ఏం, మీరు నొక్కలేదేంటి?"

"నేనూ దానికేలే."

మజ్జిగ పోసి ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఉన్న రెండు ఓట్లలో ఒకటి మళ్ళీ అబద్ధమైపోయింది.

ఈ మధ్యాహ్నం లాకు గదిలో కునుకు పట్టింది. కలలో కాలువకి నీళ్ళొచ్చాయి. వాటి మీద తిరగబడ్డ గొడుగులు పడవల్లా తేలుతూ శివారు వైపు పోతున్నాయి. ఒక్కోదానిలో ఒక్కో మనిషి, తలమీద తువ్వాలు. మొహాలు ఆనడం లేదు. ఆఖరి గొడుగులోని మనిషి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టంతా వెతుకుతున్నారు. ఆడో మగో తెలీదు. "మీరేనా?" అని అడగబోయాడు. ఈలోగా గొడుగు వంపు తిరిగి మాయమైంది.

లేచి కూర్చున్నాడు. మేకు మీద గొడుగు నల్లగా, నిశ్శబ్దంగా ఉంది.

ఆ మనిషి వెతుకుతున్నది తననే. అవును మరి. ఎక్కడో ఒక ఇంట్లో, ఒకటి నాది సరే, రెండోది ఎవరిదీ అని వాళ్ళూ అనుకుంటూ ఉండాలి. హోటల్లో వాళ్ళూ నవ్వే ఉంటారు. బహుశా తన పక్కనే కూర్చుని.

గొడుగు తీసి చంకలో పెట్టుకుని బయల్దేరాడు. ఎండకి గట్టు తెల్లగా మెరుస్తోంది. ఎదురుగా చేపలబుట్టతో సువార్తమ్మ, కొంగు కళ్ళదాకా లాక్కుని, గొడుగు వంక ఒకసారి చూసి పోయింది. అందరూ అలాగే చూస్తారేమో. హోటల్ ముందు బల్లల మీద పదిమంది ఉన్నారు.

"ఏంటి చంద్రరావుగారూ," అన్నాడు అప్పాజీ, "గొడుగు చంకలో పెట్టుకుని నెత్తి మాడ్చుకుంటున్నారు?"

తువ్వాళ్ళ కింద నుంచి అన్ని మొహాలూ పైకి లేచాయి. చంద్రరావు ఒక్కో మొహమే చూశాడు. తల మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. గొడుగు విప్పాడు.