మైకు ఆగేదాకా గట్టు మీద

దగ్గరకు జరగండర్రా. ఇంకాస్త. ఫోన్లుంటే లోపల పెట్టేయండి. గొంతు తగ్గించి చెప్పాలి, ఇంట్లో మా బిందు మైకు వేసింది. అది వేసి ఉన్నంతసేపు నేను ఆ గదిలో దగ్గను కూడా దగ్గను. కూర్చోలేక ఇలా చెరువు గట్టు మీదకు వచ్చేస్తాను. ఇటు చేపల చెరువే, అటు చేపల చెరువే, మధ్యన మా ఇల్లు. ఎంత దూరమని పోతాను? ఆ మోటారు షెడ్డు దాకా వెళ్లడం, తిరిగి రావడం.

ఇదంతా ఎలా వచ్చిపడిందో మొదటినుంచీ చెబుతాను. నేను వేరే సంగతుల్లోకి పోతే మీరే వెనక్కి లాగండి.

బిందు నా మనవరాలు, మా అబ్బాయి నెహెమ్యా కూతురు. నెహెమ్యా ఐసు చేపల వ్యాను తోలతాడు. పిల్ల ఏలూరులో డిగ్రీ చదివి, తాడేపల్లిగూడెంలో కంప్యూటర్లు బాగుచేసే కొట్లో పనికి కుదిరింది. ఆ కొట్టు మూసేస్తే ఇంటికొచ్చేసింది. వస్తూ వస్తూ పాత కంప్యూటర్ ఒకటి తెచ్చుకుంది. దాంట్లో ఒక ఆట, పేరు నీలిలంక. ఆటంతా నీళ్లే. ఒక మనిషి పడవేసుకుని చేపలు పడతాడు, ఇల్లు కట్టుకుంటాడు, తుపానొస్తే పరుగెత్తుతాడు. బిందు అది ఆడుతూ, ఆడేదాన్ని వీడియో చేసి నెట్‌లో పెట్టేది. చూసేవాళ్లుంటే మధ్యలో ప్రకటనలు వేస్తారట, వాటి మీద ఏవో డబ్బులు వస్తాయట.

నేను వెనకాల మంచం మీద కూర్చుని ఎండు రొయ్యల తలలు గిల్లుతూ చూసేదాన్ని. చూసి ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేను. ఆ బొమ్మ మనిషి పడవ నెట్టడానికి గెడ వేసే తీరు చూస్తే నాకు ఒళ్లు మండింది.

"ఒసే, గెడ అలా గుచ్చితే గెడ బురదలో ఉంటుంది, వాడు నీళ్లలో ఉంటాడు. మీ తాతగారు చూస్తే దోనెలోంచి దింపేసి ఈదుకుంటూ రమ్మనేవారు" అన్నాను.

మైకు ఉందని నాకేం తెలుసు. ఆ మాట వీడియోలోకి వెళ్లిపోయింది. జనం ఆట సంగతి వదిలేసి, ఆ ముసలావిడెవరు, ఇంకేమందో వినిపించమన్నారు. అంతే, అప్పటినుంచి బిందు ఆడేది, నేను వెనకాల నుంచి చెప్పేదాన్ని. తాటిమొద్దు తొలిచి దోనె చేసిన సంగతి, కిక్కిస గడ్డి కోసి పాక కప్పిన సంగతి, గూడబాతులు దిగితే కొల్లేరు తెల్లగా కనపడిన సంగతి, ఆ నీళ్ల మీద చెరువులు ఎలా లేచాయో, సర్కారువాళ్లు ఆ గట్లు మళ్లీ ఎలా కొట్టేశారో అన్నీ చెప్పాను. నా బుర్రలో ఉన్నదంతా ఆ ఆటలోకి వెళ్లిపోయింది.

ఒక్కటి మాత్రం చెప్పలేదు. "తాత పేరేంటి మామ్మా?" అని చూసేవాళ్లు అడుగుతూనే ఉండేవారు. మా రోజుల్లో పెనిమిటి పేరు పలికేవాళ్లం కాదు. చర్చిలో పాస్టరుగారు అడిగినా పక్కావిడ చేత చెప్పించేదాన్ని. ఆయన పోయాక కూడా పలకలేదు. నోరు రాదంతే.

అన్నిటికంటే ఎక్కువమంది విన్నది గాలివాన కథ. పక్క లంకలో చిక్కుకున్న వాళ్లను తీసుకురావడానికి మా మగవాళ్లు దోనెలేసుకుని వెళ్లారు. తిరిగొచ్చేసరికి వాన కమ్మేసి, చేయి చాపితే చేయి కనపడలేదు. ఒడ్డున ఆడవాళ్లమందరం నిలబడి కేకలేశాం. ఏమని? పేర్లు పలకం కదా. అందరిదీ ఒకటే కేక, "ఏవండోయ్, ఇటు రండి" అని. ఎవరి మొగుడు ఎటు రావాలి? కానీ ఆయన మాత్రం తిన్నగా నేనున్న వైపే గెడ వేసుకుంటూ వచ్చారు. ఎలా తెలిసిందండీ అని తర్వాత అడిగాను.

"అందరూ పిలిచారు. నువ్వొక్కదానివే కోప్పడ్డావు" అన్నారు.

ఆ కథ పెట్టిన కొన్నాళ్లకు ఆట చేసిన కంపెనీ నుంచి కబురొచ్చింది. ఇకమీదట తమ ఆటను వీడియో చేసి సంపాదించుకునేవాళ్లు తమ జట్టులో చేరాలట. చేరకపోతే పాతవీ కొత్తవీ అన్నీ తీయించేస్తారట. చేరితే మాత్రం, ఆ వీడియోల్లో కనపడిందీ వినపడిందీ అంతా వాళ్లదేనట. బిందు వేరే ఆట ఆడకూడదు, ఈ ఆటను ఒక మాట అనకూడదు.

నెహెమ్యా కంపెనీ పక్షమే మాట్లాడాడు. "మన గట్టు మీద ఎవడో వచ్చి కొట్టు పెట్టుకుంటే ఊరుకుంటామా అమ్మా? వాళ్ల చెరువు, వాళ్ల రూలు" అన్నాడు.

కంపెనీ తరఫున ఫోను చేసిన కుర్రాడు వినయ్, తాడేపల్లిగూడెం వాడే. మర్యాదస్తుడు, ఆ మాట చెప్పుకోవాలి. కొందరు ఆట చివరిదాకా ఆడి చూపించేస్తున్నారని, అది చూసేశాక ఆట ఇంకెవరు కొంటారని, ఎన్నో ఏళ్లు నిద్రలు మానుకుని చేసిన పని కదా అని చెప్పాడు. ఇంకొందరు పసిపిల్లలు చూసే ఆటలో బూతులు మాట్లాడుతున్నారట. నిజమే అనిపించింది నాకు.

కానీ మా సంగతీ చెప్పాను. మా వైపు చెరువులో చేపలు పట్టే రోజున ఒక పద్ధతుంది. చెరువు ఆసామి పిల్లగా వేసి పెంచిన బొచ్చె, శీలావతి చేపలు ఆసామివి. వాన నీళ్లతో, కాలవ నీళ్లతో వాటంతట అవి వచ్చిన కొరమేను, జెల్ల, మట్టగిడస వల లాగినవాళ్లు పంచుకుంటారు. ఆసామి చెరువే, ఆసామి నీళ్లే, అయినా వాటిని అడగడు. అడిగితే మర్నాడు అతని చెరువులో వల లాగేవాళ్లుండరు. బిందు కూడా ఆ ధీమాతోనే ఇన్నాళ్లూ వీడియోలు పెట్టింది. ఆట వాళ్లు పెంచుకున్న చేప, నా మాటలు వాటంతట అవి వచ్చినవి. పుట్టినప్పటినుంచీ చూసిన పద్ధతి లోకమంతా ఉంటుందనుకుంది. నేనూ అనుకున్నాను.

వినయ్ అంతా విన్నాడు.

"మీరు చెప్పింది బాగుందండీ మామ్మగారూ. కాకపోతే మా చెరువులోకి వచ్చిందేదైనా మాదేనని ముందే రాసుందండీ. బిందుగారు మొదటి రోజునే ఒప్పుకున్నారండీ" అన్నాడు.

బిందు తల దించుకుంది. ఆట తెరవాలంటే ఏదో నొక్కమంది, నొక్కిందట. అందరూ నొక్కేదేనట.

ఆ రాత్రి అది అన్నం ముందు కూర్చుని, "చెరిపేయమంటావా, చేరమంటావా మామ్మా?" అని అడిగింది. చెరిపేస్తే పిల్ల ఇన్నాళ్లు చేసిందంతా పోతుంది. చేరితే నా కథలన్నీ పోతాయి. రెండు వైపులా గుమ్మాలే, రెండూ బయటినుంచి గడియ పెట్టినవే.

చివరికి చేరింది. ఎందుకు చేరిందో తెలుసా? నేను పోయాక నా గొంతు ఎక్కడో ఒకచోట ఉంటుందని. ఆ మాట నాతో అనలేదు, వాళ్ల నాన్నతో అంటుంటే విన్నాను. నేనూ ఒప్పుకున్నట్టు ఫోను అద్దం మీద వేలితో గీశాను.

మొదటి వీడియోకే గెడ మీద నేనన్న మాట కోసేయమన్నారు. పడవను వెక్కిరించకూడదట. తర్వాత ఏం మాట్లాడాలో రాసి పంపడం మొదలుపెట్టారు. నాకు చదువు రాదు, బిందు చదివి వినిపించేది, నేను అప్పజెప్పేదాన్ని. నా కథ నాకే అప్పజెప్పడం రాక తడబడేదాన్ని.

ఒకరోజు కంటి ఆసుపత్రికని ఏలూరు వెళ్లి, బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాను. వెనకనుంచి కేక వినపడింది. "ఏవండోయ్, ఇటు రండి." నా గొంతే. తిరిగి చూస్తే ఎవరో కాలేజీ పిల్లాడి ఫోను. ఆటలోకి కొత్త పడవొచ్చింది, కొనుక్కోండి అని ప్రకటన. గాలివాన లేదు, వాన చప్పుడు లేదు, వెనకాల ఏదో డప్పు. నా కేకకు ఆ పిల్లాడూ పక్కవాడూ నవ్వుకున్నారు. ఒక్క మనిషి కోసం వేసిన కేక అది. ఆ ఒక్క మనిషీ తప్ప ఇప్పుడు ఊళ్లోవాళ్లంతా దానికి తల తిప్పుతున్నారు.

ఆ రోజునుంచి మైకు ముందు నేను నోరు విప్పలేదు. నా గొంతు మిగలాలని పిల్ల చేరింది, దాంతో నేను బతికుండగానే గొంతు ఆపుకోవాల్సి వచ్చింది. అది మాత్రం రోజూ ఆడుతుంది. ఆడకపోతే జట్టులోంచి తీసేస్తారు, పాతవన్నీ మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోతాయి. ఇష్టంగా ఆడిన ఆటను ఇప్పుడు వాంతొచ్చే దాకా ఆడుతుంది.

మొన్న వినయ్ మళ్లీ ఫోను చేశాడు. ఇంకో పడవ వస్తోందట, దానికి తాతగారి పేరు పెడతారట. ఆ పేరు మామ్మగారే మొదటిసారి పలకాలి, దాన్ని వీడియో చేసి పంపాలి. "గౌరవమేనండీ" అన్నాడు. పంపకపోతే ఏమవుతుందని బిందు అడిగితే, "నా చేతుల్లో ఏముందండీ" అన్నాడు. పాపం, అతనూ ఏ గట్టు మీద నిలబడ్డాడో.

ఆ వీడియో ఇవాళే పంపాలి. పొద్దున బిందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. మైకు వేసింది, ఎర్ర దీపం వెలిగింది. నేను దాని ముఖం చూశాను. పిల్ల కోసం పలికేద్దామనే అనుకున్నాను, నిజం చెబుతున్నాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు బిందు తెర మీదనుంచి ఇటు తిరిగి, పెదవుల మీద వేలు పెట్టి, గుమ్మం వైపు చూపించింది. మాట్లాడలేదు. మాట్లాడితే అదీ వాళ్లదే కదా. కళ్లతోనే వెళ్లమంది.

వచ్చేశాను. అది ఇంకా లోపలే ఉంది. అదిగో, కిటికీలోంచి ఎర్రగా కనపడటంలా? ఏం ఆడుతోందో, వాళ్లకేం చెప్పుకుంటుందో తెలియదు. రేపటికి దాని పనే ఉండదేమో. నేను వెళ్లి దాని తల నిమురుదామన్నా, ఆ దీపం ఆరేదాకా గుమ్మం దాటలేను.

అందుకే మిమ్మల్ని దగ్గరకు రమ్మన్నాను. ఇంకొంచెం వంగండి. ఆయన పేరు శామ్యూల్. చూశారా, పలికేశాను, నాలుక ఊడిపోలేదు. శామ్యూల్. గెడ బురదలో దిగబడకుండా వేసే మనిషి. కోపం విని దోనె తిప్పుకున్న మనిషి. గుర్తుపెట్టుకోండర్రా. మీ పిల్లలకు అన్నాలు పెట్టేటప్పుడు చెప్పండి, వాళ్లను వాళ్ల పిల్లలకు చెప్పమనండి. ఏ ఫోన్లోనూ ఎక్కించి పెట్టకండి, నోటితోనే చెప్పండి. చెప్పేటప్పుడు ఆ కేక దగ్గర కాస్త కోపంగా చెప్పండి, లేకపోతే ఆయన ఇటు తిరగరు.