పెద్దమ్మ మీద ఫిర్యాదు

ఆ బడిలో గంట కొట్టరు. ఏం నేర్చుకోవాలో, అసలు నేర్చుకోవాలో వద్దో పిల్లలే తేల్చుకుంటారు. శుక్రవారం సభలో టీచరుకూ ఒకటే ఓటు, ఆరేళ్ల పిల్లకూ ఒకటే ఓటు. పాతికేళ్లు మామూలు బళ్లో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న పంతులమ్మ, ఇక్కడైనా ఊపిరి పీల్చుకోవచ్చని వచ్చింది. చెల్లెలి కూతుర్నీ ఇందులోనే చేర్పించింది. ఇంట్లో ఆ పిల్లని అందరూ పేచీ అంటారు.

పేచీకి తొమ్మిదేళ్లు నిండినా అక్షరం ముక్క రాదు. రెండేళ్లుగా వడ్రంగం గదే లోకం. స్టూళ్లు చేస్తుంది, అవి కుంటుతాయి, మళ్లీ విప్పుతుంది.

“నీ మాట నమ్మానక్కా,” అంది చెల్లెలు, కుట్టుమిషను ఆపకుండానే. “బస్సు బోర్డు కూడా నన్నే చదవమంటోంది. నలుగుర్లో తల కొట్టేసినట్టుంటోంది.”

మర్నాడు పంతులమ్మ చెక్కముక్కల మీద అక్షరాలు రాసి, ఆట అని చెప్పి పేచీ ముందు పరిచింది. మూడు రోజులు సాగింది. నాలుగో రోజు పిల్ల ముక్కలన్నీ పక్కకు తోసేసింది.

శుక్రవారం సభలో లేచి నిలబడింది. “పెద్దమ్మ మీద ఫిర్యాదు. నేనడక్కుండా చదువు చెబుతోంది. ఆట అని అబద్ధం కూడా ఆడింది.”

ఎవరూ నవ్వలేదు. సభ నడుపుతున్న పన్నెండేళ్ల అమ్మాయి, “మీరేమంటారు టీచర్?” అంది.

“నిజమే. వాళ్లమ్మ దిగులు చూడలేకపోయాను.”

“ఆ మాటే నాతో చెప్పొచ్చుగా!” అంది పేచీ.

అడిగేదాకా అక్షరం ఊసెత్తకూడదని తీర్మానం. పంతులమ్మ కూడా దానికే చెయ్యెత్తింది. విషయం తెలిసి చెల్లెలు నెలరోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత ఓ గురువారం, పంతులమ్మ సంచీ భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరుతుంటే పేచీ అడ్డం వచ్చింది. సభకు వచ్చే ఫిర్యాదులు అంటించే గోడ మీంచి పీకిన కాగితం చేతిలో ఉంది.

“నా మీద ఎవరో ఫిర్యాదు రాశారు. ఏముందని అడిగితే చెప్పకుండా నవ్వుతున్నారు.”

“చదివి పెట్టనా?”

“వద్దు. చదవడం చెప్పు.”

ఈ రోజు వస్తే ఎగిరి గంతేస్తాననుకుంది పంతులమ్మ. తీరా వచ్చేసరికి మోకాళ్లు పీకుతున్నాయి తప్ప మరేమీ లేదు.

“ఓపిక లేదే తల్లీ. రేపు చూద్దామా?”

“సభ రేపేగా పెద్దమ్మా.”

సంచీ దించి, గోడకు చేరగిలబడి కూర్చుంది. పేచీ పక్కన చేరి మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. చీకటి పడేలోగా రెండు మాటలు కూడబలుక్కుంది. రెండోది “రంపం”. తను అడక్కుండా తీసుకున్నది ఎవరి రంపమో పేచీకి వెంటనే అర్థమైంది, చెవులు ఎర్రబడ్డాయి.

“ఇంకా ఆరు మాటలున్నాయి,” అంది చిన్నగా.

“కానివ్వు,” అంది పంతులమ్మ, కళ్లు మూసుకునే.