బ్రాంచి పట్టినవాడు

తడిసిన పంచెను బాలనర్సింహ అందరిలా పిండడు. బండ మీద రెండు మడతలుగా పరిచి, నడిమి నుంచి గుండ్రంగా చుట్టుకుంటూ వస్తాడు. చుట్ట బిగిసిన కొద్దీ నీళ్లన్నీ కొసల నుంచి కారిపోతాయి. అప్పుడు విప్పి తీగ మీద వేస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లు ఫైర్ స్టేషన్‌లో హోస్ పైపులు చుట్టిన చేతులవి. పంచె దొరికినా, దుప్పటి దొరికినా వాటికి తెలిసింది అదొక్కటే.

ఈ పొద్దు మాత్రం చుట్ట రెండుసార్లు జారిపోయింది. మూడోసారి విసుగొచ్చి పంచెను అలాగే తీగ మీద పడేశాడు. నీళ్లు కారి వాకిలి తడిసింది. భార్య ఆగమ్మ వచ్చి ఆ తడి మీద గోనెపట్టా పరిచింది.

అరవై రెండేళ్ల మనిషి. పొట్టి, బక్కపలచన. కుడి చెవి పైభాగం కాలి ముడుచుకుపోయింది. కనుబొమలు ఎప్పుడో మాడిపోయి సగమే మొలిచాయి. ఛత్రినాకలో ఆయన ఇంటి ముందు రెండు బకెట్ల నీళ్లు, ఒక బకెట్ ఇసుక ఎప్పుడూ ఉంటాయి. వీధిలో ఇంతవరకు ఎక్కడా అంటుకున్నది లేదు, ఆ ఇసుక పిల్లులకు తప్ప ఎవరికీ ఉపయోగపడిందీ లేదు. ఆ మాటకొస్తే ఉద్యోగంలోనూ ఆయన ఆర్పిన మంటల కన్నా బావుల్లోంచి లాగిన బర్రెలే ఎక్కువ. పతకాలు రాలేదు, పేపర్లో పేరు పడలేదు. ఏడేళ్ల కిందట రిటైరైతే ఒక దండ వేసి పంపించారు.

"ఆ సంచి ఇంకెన్నిసార్లు చూస్తవయ్యా? కాయితాలేమన్న లేచి పోతయా?" అంది ఆగమ్మ, చాయ్ గ్లాసు పక్కన పెడుతూ.

నాలుగోసారి చూస్తున్నాడు. సంచిలో ఒక దరఖాస్తు, దానికి అంటించిన ఫొటో. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్న ఫొటో ఉంటేనే తీసుకుంటారట. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి దిగిన మొదటి ఫొటో అదే. నవ్వొద్దమ్మా అని స్టూడియోవాడు అన్నందుకు ఆగమ్మ మొహం కోపంగా వచ్చింది.

వాకిట్లో పూలగంప దించింది కొమురమ్మ. ఆమె పెనిమిటి లక్ష్మయ్య బాలనర్సింహతో ఒకే ఫైరు బండి మీద పనిచేసినవాడే. నాలుగేళ్ల కిందట పోయాడు. ఆయనతో పాటు పింఛనూ పోయింది. ఇప్పుడు ఆమె తెల్లవారకముందే గుడిమల్కాపూర్ వెళ్లి పూలు తెచ్చి వీధి వీధీ తిరిగి అమ్ముతుంది.

"ఇయ్యాల్నేనా అన్నా ఆఖరి దినం?"

"ఇయ్యాల్నే."

"జల్ది పోరాదు మరి. పోయినోళ్ల కాయితాలు తీసుకోరంట. నా ఫికర్ ఇడిచిపెట్టు. నువ్వన్న వదినె పేరు ఎక్కియ్యి."

బాలనర్సింహ తలెత్తలేదు. ఆమె ఒక్క తిట్టు తిట్టినా ఆయనకు ఇంత బాధ ఉండేది కాదు.

తప్పు ఆయనదే మరి. పదిహేనేళ్ల కిందట స్టేషన్‌కు ఒక కాగితం వచ్చింది. తాము పోయాక భార్యకు పింఛను కావాలనుకునేవాళ్లు సంతకం పెట్టాలి, అందుకుగాను రిటైరయ్యేటప్పుడు రెండు నెలల జీతం విడిచిపెట్టాలి. బండి మీది ఐదుగురిలో చదువొచ్చినవాడు ఆయన ఒక్కడే. వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. ఫైర్ స్టేషన్‌లో చావు మాట ఎత్తకూడదు. ఎత్తితే గంట మోగుతుందని, వెళ్లినవాడు తిరిగి రాడని నమ్మకం. ఆ కాగితంలో ప్రతి వరుసలోనూ చావే ఉంది. "తియ్యిరా దీన్ని, అపశకునం" అని నవ్వి, 'అక్కర లేదు' అన్న చోట సంతకం గీకాడు. ఆయన పెట్టాడని మిగిలిన నలుగురూ కింద వేలిముద్రలు వేశారు. మంటలోకి ఆయన వెనకాలే వెళ్లేవాళ్లు, కాగితంలోకీ అలాగే వచ్చారు.

ఇప్పుడు సర్కారు ఇంకో అవకాశం ఇచ్చింది. బతికున్న పాత పింఛనుదారులు మార్చి ఆఖరులోగా ఆఫీసుకు వచ్చి, గుమాస్తా ఎదుట సంతకం పెడితే భార్య పేరు ఎక్కిస్తారు. ఖజానా ఖాళీగా ఉందట, మళ్లీ ఈ అవకాశం రాదట. జనవరిలో ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆయనకు ఇంట్లో కాలు నిలవలేదు. ఆ మరుసటి రోజే వెళ్లి తన పని చేసుకోవచ్చు. చేసుకోలేదు. ఆనాటి నలుగురిలో మిగిలిన ముగ్గురినీ, అంజన్నను, మైసయ్యను, జహనుమాలో ఉండే వైకుంఠాన్ని వెంటపెట్టుకునే పోవాలన్నాడు. అంజన్నకు ఫొటో దిగడానికి భయం. వైకుంఠం భార్య మేనకోడలి పురుడు కోసం ఊరు పోయి మొన్ననే వచ్చింది. అలా అలా ఈ శనివారం దాకా వచ్చింది.

"రొట్టె తిని పో" అంది ఆగమ్మ.

"వచ్చి తింట."

బస్సు దిగి నడుస్తుంటే ఎడమ భుజం లాగింది. సంచి బరువనుకుని కుడి భుజానికి మార్చుకున్నాడు. సంచిలో కాగితం తప్ప ఏమీ లేదు.

ఆఫీసు పాత దేవిడీ భవంతిలో ఉంది. ఒకప్పుడు ఏ నవాబు గుర్రాలు కట్టిన వరండాయో, ఇప్పుడు రిటైరైన పోలీసులు, ఫైరుమెన్లు వరుసకట్టి ఉన్నారు. కిటికీ ఒక్కటే. లోపల ప్రకాశం అనే గుమాస్తా ఫైళ్ల దుమ్ముకు ముక్కుకు రుమాలు కట్టుకుని పనిచేస్తున్నాడు. ఒక్కొక్కరి పాత ఫైలు వెతకాలి, ఫొటో చూడాలి, సంతకమో వేలిముద్రో పోల్చాలి. మనిషికి పావుగంట పట్టేది. వైకుంఠం ఆలస్యంగా రావడంతో వీళ్లు వరుసలో చేరేసరికే పదకొండు దాటింది.

బాలనర్సింహ కూర్చోలేదు. వరుస ముందుకు వెళ్లి చూసి వచ్చేవాడు, గోడ గడియారం చూసేవాడు, మైసయ్య చేతిలోని కాగితం లాక్కుని మళ్లీ చదివేవాడు. మధ్యాహ్నం భోజనానికి కిటికీ మూస్తే, అది తెరిచేదాకా వరండా ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాడు.

నాలుగు దాటాక కిటికీ దగ్గరికి వచ్చారు. ముందు నిలబడ్డది బాలనర్సింహే. ఆయన పక్కకు జరిగాడు.

"అంజన్నా, నువ్వు పో ముందు."

"నువ్వు పెట్టన్నా. నీ తర్వాత మేం" అన్నాడు మైసయ్య.

"బ్రాంచి పట్టినోడు ఎప్పుడు బయటికొస్తడు?"

హోస్ పైపు చివరి ఇత్తడి గొట్టాన్ని వాళ్లు బ్రాంచి అంటారు. దాన్ని పట్టుకున్నవాడు మంటలోకి అందరికన్నా ముందు పోతాడు, అందరినీ పంపించాకే బయటికొస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లు బాలనర్సింహ పట్టింది దాన్నే. అది మంటల దగ్గరి నియమమని, కిటికీల దగ్గర కాదని చెప్పడానికి అక్కడ తెలివైనవాడెవడూ లేడు.

అంజన్న వేలిముద్ర వేశాడు. మైసయ్య వేశాడు. వైకుంఠం ఫైలు ఎంతకూ దొరకలేదు. ప్రకాశం నిచ్చెన ఎక్కి అటకలన్నీ దులిపి, చివరికి వేరే వైకుంఠం ఫైలు అడుగున దాన్ని పట్టుకున్నాడు. ముగ్గురి భార్యల పేర్లూ రిజిస్టరులో ఎక్కాయి. వైకుంఠం నల్లబడ్డ వేలిని తలకు తుడుచుకుంటూ పక్కకు జరిగాడు. బాలనర్సింహ సంచిలో చెయ్యి పెట్టాడు. కిటికీ మూసుకుంది.

"టైమైంది. సోమవారం రాండ్రి."

"సోమవారం ఏప్రిల్ పడ్తది సాబ్!" అని మైసయ్య తలుపు బాదాడు. అంజన్న, వైకుంఠం కూడా గొంతు కలిపారు. లొల్లి దేవిడీ అంతా వినిపించింది. బాలనర్సింహ మాత్రం అరవలేదు. పొద్దుటి నుంచి మొదటిసారి వెళ్లి రాతి అరుగు మీద కూర్చున్నాడు. మొహమంతా చెమట.

"నువ్వు కూసో అన్నా, మేం మాట్లాడ్తం" అన్నాడు మైసయ్య.

కొంతసేపటికి ప్రకాశం పక్క తలుపు తీశాడు. రుమాలు విప్పాక చూస్తే నలభై కూడా దాటని మనిషి.

"అరవకుండ్రి. పెద్దసారు ఇంక పోలే. రిజిస్టరు ముయ్యకముందే రమ్మను ఆయన్ను. సంతకం మాత్రం నా కండ్ల ముంగట్నే పెట్టాలె."

"అన్నా! రా, పని అయింది!" అని కేకేశాడు మైసయ్య.

బాలనర్సింహ లేవలేదు. తల వెనక స్తంభానికి ఆనించి ఉంది. సంచి ఒడిలో ఉంది, రెండు చేతులూ దాని మీద ఉన్నాయి. వైకుంఠం వెళ్లి మెడ మీద రెండు వేళ్లు ఆనించి చూశాడు. పొగలోంచి ఎందరినో మోసుకొచ్చిన మనిషి, ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. నోటితో మాత్రం అనలేదు. స్టేషన్‌లో ఆ మాట ఎవరూ అనరు.

మైసయ్య బాలనర్సింహ చెయ్యి పట్టుకున్నాడు. గుమాస్తా వైపు తిరిగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగాడు.

"వేలు ఇంక వెచ్చగనే ఉన్నది సాబ్. ముద్ర ఏపిద్దామా?"

ప్రకాశం లోపలికి వెళ్లాడు. సిరా దిండు తెచ్చాడు, బాలనర్సింహ ఫైలు కూడా తెచ్చాడు. ఉద్యోగం పోయినా పోనీ అనుకునే తెచ్చాడు. ఫైలు తెరిచి ఒక్కో కాగితం తిప్పాడు. చేరిన రోజు, ఇంక్రిమెంటు, సెలవు చీటీ, పదిహేనేళ్ల కిందటి ఆ 'అక్కర లేదు'. అన్నిటి మీదా కష్టపడి నేర్చుకున్న గుండ్రటి అక్షరాల సంతకమే. వేలిముద్ర ఒక్కటీ లేదు.

"ఈయనకు రాయొస్తది కద తాతా" అన్నాడు. సిరా దిండుకు మూత పెట్టాడు. "పైన ఎవ్వరు ఒప్పుకోరు."

మైసయ్య అక్కడే చతికిలబడి ఏడ్చాడు. రిజిస్టరులో తన భార్య పేరు ఎక్కినందుకు సిగ్గుపడి ఏడ్చాడు. ఛత్రినాకలో రొట్టె మూతపెట్టి కూర్చున్న మనిషికి ఏం చెప్పాలో ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. చివరికి అంజన్న రిక్షా పిలుచుకొచ్చాడు. ఇద్దరు భుజాలు, ఒకరు కాళ్లు పట్టుకుని, ఉద్యోగంలో నేర్చుకున్న పద్ధతిలోనే ఒక్క కుదుపు లేకుండా బయటికి తీసుకుపోయారు.

ప్రకాశం తలుపుకు తాళం వేసి వరండాలో అరుగు దగ్గర ఆగాడు. దాని కింద అరిగిపోయిన తోలు చెప్పులు జతగా ఉన్నాయి, గంట మోగితే అరుగు దిగినవాడు కాళ్లు దూర్చి అటే పరుగెత్తడానికి వీలుగా, మునివేళ్ల వైపు బయటికి తిప్పి.